తుఫానుకి ముందు వండకండి, రుబ్బుకోండి!

తుఫాను హెచ్చరిక రాగానే మన ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. మగాళ్ళు సెల్‌ఫోనులు, పవర్ బ్యాంకులు, లాప్‌టాపులు చార్జింగుకి పెడతారు. ఆడవాళ్ళు పండగొచ్చినట్టు వంట మొదలెడతారు. కరెంటు పోతుంది కదా, అందుకని మూడ్రోజులకి సరిపడా పప్పు, పులుసు, రెండు కూరలు, పెద్ద గిన్నెడు అన్నం. మూడో రోజుకి ఆ ఫోనులూ చచ్చిపోతాయి, ఆ పప్పూ పాచిపోతుంది.

ఈ రెండో పని గురించే నా బాధంతా. నేననేదేంటంటే, తుఫానుకి ముందు వండి పెట్టుకోవడం తప్పు. వండుకోడానికి కావలసినవి సిద్ధం చేసి పెట్టుకోవడం ఒప్పు. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ, కాదు. ఎందుకో చెబుతాను.

మాది గరివిడి. తెలియని వాళ్ళ కోసం: విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి పక్కన, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉంటుంది. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీతో పెరిగిన ఊరు. ఆ పరిశ్రమంతా కరెంటుతోనే నడిచేది. ఒక టన్ను ఫెర్రోక్రోమ్ తియ్యాలంటే కొలిమికి 3,000 యూనిట్ల పైనే కావాలి. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇంటికి అది ఏడాదికి పైగా వస్తుంది. అంత కరెంటు పేరు చెప్పుకుని పెరిగిన ఊళ్ళో, గాలివాన వస్తే కొబ్బరి పచ్చడి చేసుకోడానికి మిక్సీ తిరగదు. అదీ సంగతి.

ఇంకో విషయం. మాది సముద్రం ఒడ్డు కాదు. ఉప్పెన రాదు. జనాన్ని బస్సులెక్కించి పునరావాస కేంద్రాలకి తరలించే ఊరు కాదు. ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామాల లెక్క వేరు. ఇల్లొదిలి వెళ్ళాల్సిన వాళ్ళకి నేను చెప్పేవన్నీ పనికిరావు. మాబోటి లోపలి ఊళ్ళకి తుఫానంటే గాలి, వాన, ఆపైన చీకటి. ఇల్లుంటుంది, వంటగది ఉంటుంది, మనుషులుంటారు. లేనిది కరెంటొక్కటే. అంచేత ప్రశ్న కూడా చిన్నదే: కరెంటు లేని నాలుగైదు రోజులు ఈ వంటగది ఎలా నడవాలి?

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టం కాదండీ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ కళింగపట్నం దగ్గర. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురం దగ్గర. దసరా, దీపావళి ఎలాగో ఇదీ అలాగే. తారీఖు మాత్రం పంచాంగంలో ఉండదు, అంతే.

హుద్‌హుద్ తరవాత విశాఖలో పాల ప్యాకెట్టు కోసం, నీళ్ళ డబ్బా కోసం జనం పడ్డ అవస్థలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఏటీఎంలు పనిచెయ్యలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు, ఫోనులు మూగబోయాయి. అంత పెద్ద నగరానికే కరెంటు రావడానికి రోజులు పట్టింది. మరి మా ఊళ్ళకి? లైన్లు బాగుచేసేవాళ్ళు మొదట పెద్ద సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, మంచినీటి పథకాలు చూస్తారు. తరవాత పట్నాలు, ఆ తరవాత పల్లెలు. అది న్యాయమే, నేను కాదనను. కాకపోతే వరసలో మనం ఎక్కడున్నామో మనకి తెలియాలి. వంటగది లెక్క దాన్ని బట్టే వేసుకోవాలి.

ఇప్పుడు మనకి అలవాటైన పద్ధతిలో చూద్దాం. ఏదైనా సిస్టం ఆగిపోతుందంటే మనం ముందు ఏం చేస్తాం? డిపెండెన్సీలు రాసుకుంటాం. మన వంటింట్లో కరెంటు మీద ఆధారపడ్డవి ఏంటి?

నీళ్ళు (మోటారు). రుబ్బడం (మిక్సీ, గ్రైండరు). పిండి ఆడించడం (వీధి చివర పిండిమర). చల్లదనం (ఫ్రిజ్జు). వెలుతురు. కొన్నిళ్ళల్లో ఇండక్షన్ స్టవ్వు, రైస్ కుక్కరు.

ఇక కరెంటు అక్కర్లేనిది? మంట! గ్యాస్ సిలిండరుకి కరెంటుతో పనిలేదు. అగ్గిపెట్టె చాలు. అంటే కరెంటు పోయినా మనం బ్రహ్మాండంగా చెయ్యగలిగింది వంటొక్కటే. చెయ్యలేనివి నీళ్ళు తోడడం, రుబ్బడం, నిలవ ఉంచడం. మరి మనమేం చేస్తున్నాం? తరవాత కూడా చెయ్యగలిగే పనిని ముందే చేసేసి, దాని ఫలితాన్ని తరవాత చెయ్యలేని పని (నిలవ) మీద వదిలేస్తున్నాం. ఏ డిజైన్ రివ్యూలోనైనా దీన్ని ఒప్పుకుంటారా?

నిలవ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తలుపు తియ్యకుండా ఉంచితే ఫ్రిజ్జు సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. ఫ్రీజరు నిండుగా ఉంటే 48 గంటలు, సగం ఉంటే 24. ఆ తరవాత అది ఉత్త బీరువా. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ క్రిములకి పండగే. మా వైపు అక్టోబరు ఉక్కలో వంటగదెప్పుడూ ఆ మధ్యలోనే ఉంటుంది.

పప్పు పాడైతే వాసనొస్తుంది, పారబోస్తాం. అన్నంతోనే అసలు చిక్కు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికించినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. దానిలో వాంతులు పుట్టించే రకం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసన కూడా రాకపోవచ్చు. నీళ్ళు లేవు, దారిలో చెట్లు పడున్నాయి, ఆటో రాదు. ఆ టైములో ఇంట్లో డెబ్భై ఏళ్ళ మనిషికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అప్పుడు గాలివాన కంటే గిన్నెలో అన్నమే ప్రమాదం అవుతుంది. నేను దీన్నింత పట్టుకుని చెప్పడానికి కారణం అదే.

"మరి చద్దన్నం తిని బతకలేదేటి మేం?" అని మా పెద్దవాళ్ళు అడుగుతారు. బతికారు, నిజమే. కానీ చద్దన్నం అంటే మిగిలిపోయిన అన్నం కాదు, పులియబెట్టిన అన్నం. రాత్రి మిగిలిన అన్నాన్ని నీళ్ళలో, మజ్జిగలో ముంచి పెట్టేవారు. తరవాణి కుండ సంగతీ అంతే. ఆ పులుపే చెడ్డ క్రిములని ఎదగనివ్వదు. అది కూడా ఒక్క రాత్రి మాటే. మూడ్రోజుల అన్నం కథ పాతవాళ్ళకీ లేదు.

ఇంతకీ వాళ్ళేం చేసేవారు? చోడిపిండి ఆడించి ఉంచుకునేవారు, పొద్దున్నే అంబలి కాచుకోడానికి. అటుకులు, మరమరాలు, వేయించిన సెనగలు, బెల్లం డబ్బాల్లో ఉండేవి. కందిపొడి, నువ్వుపొడి, ఆవకాయ, చింతకాయ పచ్చడి, వడియాలు, ఎండుచేపలు ఉండేవి. చూడండి, వీటన్నిట్లో ఉన్న ఒకే సూత్రం తడి లేకపోవడం, లేదంటే ఉప్పో పులుపో నూనో ఎక్కువుండటం. పక్కనున్న ఒడిశాలో తుఫాను సాయమంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అటుకులు, బెల్లమే. నానబెడితే చాలు, మంట కూడా అక్కర్లేదు.

మన భాషలో చెప్పాలంటే, బిల్డ్ టైములో చెయ్యాల్సింది ముందే చేసుకోవాలి, రన్ టైముకి మంట మాత్రం మిగల్చాలి. పులిహోర చేసి పెట్టుకోకండి, పులిహోర గుజ్జు చేసి పెట్టుకోండి. చింతపండు, నూనె, పోపు అన్నీ పడి బాగా ఉడికిన గుజ్జు చాలా రోజులుంటుంది. ఆ పూటకి సరిపడా బియ్యం వండి కలుపుకోండి. ఉప్మా చెయ్యకండి, రవ్వ వేయించి ఉంచండి. సాంబారు పెట్టకండి, సాంబారు పొడి కొట్టండి. పచ్చడి రుబ్బకండి, పొడి చెయ్యండి.

ఇంకో రెండు వస్తువులు నాకు భలే ముచ్చటేస్తాయి. ఒకటి ఇడ్లీ పిండి. తుఫానుకి ముందురోజు రుబ్బి పెట్టారనుకోండి. మొదటి రోజు ఇడ్లీ. ఫ్రిజ్జు లేక పులిసింది, రెండో రోజు అట్లు. ఇంకా పులిసింది, కాస్త వరిపిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి పుల్లట్లు. రంగో వాసనో మారితే ఇక దండం పెట్టి పారబొయ్యండి. రెండోది పాలు. ప్యాకెట్టు పాలు ఫ్రిజ్జు లేకపోతే ఒక్క పూట. కాచి తోడు పెట్టేస్తే పెరుగు. మర్నాటికి పుల్లటి మజ్జిగ. ఆ మర్నాడు మజ్జిగ పులుసు. సర్వర్లు ఒక్కొక్కటే పడిపోతున్నా సర్వీసు పూర్తిగా ఆగిపోకుండా కొంచెం కొంచెం తగ్గేలా డిజైన్ చెయ్యాలని మనం పీపీటీలు వేస్తాం. మన అమ్మమ్మలు దాన్ని పాలగిన్నెలో చేసి చూపించారు.

సరే, ఇవన్నీ ఎప్పుడు చెయ్యాలి? దానికీ ఒక పద్ధతుంది. మన వాతావరణ శాఖ తుఫానుకి నాలుగు దశల్లో హెచ్చరికలిస్తుంది: 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఇంకోటి, 24 గంటల ముందు మూడోది, కనీసం 12 గంటల ముందు నాలుగోది. దివిసీమని ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరు నాటికీ ఇప్పటికీ ఉన్న తేడా ఇదే. ఇన్ని గంటల ముందు తెలుస్తున్నప్పుడు వంటింటికి కూడా ఒక రిలీజ్ ప్లాన్ ఉండొద్దూ?

72 గంటలు: పిండిమర పనులు. చోడిపిండి, గోధుమపిండి, వరిపిండి. రెండో సిలిండరు నిండుగా ఉందో లేదో చూడండి. ఇండక్షన్ మీదే నడిచే ఇల్లయితే పక్కింటి పిన్నితో ఒక మాట అనుకోండి. ఎండ ఇంకా ఉంటే పొడులకి కావలసినవి ఎండబెట్టెయ్యండి.

48 గంటలు: మిక్సీ పనులు. పొడులు, అల్లం వెల్లుల్లి ముద్ద (ఉప్పు, నూనె ఎక్కువేసి), పులిహోర గుజ్జు. కూరల్లో ఆకుకూరలు, టమాటాలు ముందు తినెయ్యండి. బంగాళాదుంప, కంద, చేమ, గుమ్మడి, ఉల్లి దాచుకోండి. కోడిగుడ్లు కొట్లో ఎలాగూ బయటే ఉంటాయి, కొన్ని రోజులకి భయం లేదు.

24 గంటలు: నీళ్ళు. అన్నిటికంటే పెద్ద పనిది, అందరూ ఆఖరికి నెట్టేసేదీ ఇదే. విపత్తుల్లో పనిచేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి తక్కువలో తక్కువ 15 లీటర్లు కావాలి, తాగడానికి, వంటకి, శుభ్రానికి కలిపి. నలుగురికి మూడ్రోజులంటే 180 లీటర్లు. ఒక 200 లీటర్ల డ్రమ్ము. పైన ట్యాంకుంది కదా అనుకోకండి, గాలికి ట్యాంకు ఎగిరిపోవచ్చు, పైపు విరగొచ్చు. వీధిలో బోరింగు ఉంటే పనిచేస్తుందో లేదో ఇప్పుడే కొట్టి చూడండి. నుయ్యి ఉంటే చేద, తాడు వెతకండి. నుయ్యిలోకి వాననీరు చేరితే కాచకుండా తాగొద్దు. ఇదే రోజు ఫ్రిజ్జు ఖాళీ చెయ్యండి, అంటే తినెయ్యండి. సీసాల్లో నీళ్ళు నింపి ఫ్రీజర్లో పెడితే మంచుగడ్డలవుతాయి, కరెంటు పోయాక ఫ్రిజ్జుకి ఇంకొన్ని గంటల ఊపిరొస్తుంది.

12 గంటలు: ఇప్పుడు వండండి. గాలి హోరులో స్టవ్ దగ్గర నిలబడలేరు కాబట్టి ఒక్క పూటకి, మహా అయితే రెండు పూటలకి. చపాతీలు, పులిహోర లాంటి తడి తక్కువున్నవి. పిడకల దాలి, కుంపటి, బొగ్గులు నమ్ముకున్న వాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: గాలికి భయపడి తలుపులు, కిటికీలు బిగించిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడుకి ప్రాణం పోతుంది. జనరేటరు కూడా అంతే, ఇంట్లోకి తేవద్దు.

ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇంకో మాట. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ని చాలా రకాల్లో 4 వారాల దాకా మామూలు గది వేడిలో ఉంచొచ్చు. మీ రకానికి ఎంతో డబ్బాలోని కాగితం మీద ఉంటుంది, ఇవాళే చదివి పెట్టుకోండి. తెరవని వాటిని తడవకుండా కవర్లో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచండి. మంచుగడ్డకి ఆనించొద్దు, గడ్డకడితే అది ఇక పనికిరాదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పైన రాసిన పనులన్నీ ఎవరు చేస్తారు? మన ఇళ్ళల్లో జవాబు ఒకటే: అమ్మ. వార్త వినగానే ఆవిడ వంటకి పూనుకోడానికి కారణం ఆవిడకి తెలియక కాదు. నీళ్ళు, సిలిండరు, పిండిమర, డ్రమ్ము ఇవన్నీ ఇంకొకరు కదిలితే తప్ప జరగని పనులు. ఆవిడ చేతిలో ఉన్నది వంటొక్కటే, అది చేసేస్తుంది. మనమేమో హైదరాబాదు నుంచో డల్లస్ నుంచో "జాగ్రత్తమ్మా, బయటికెళ్ళకండి" అని ఫోను చేస్తాం. అది జాగ్రత్త చెప్పడం కాదు, మన కంగారు తీర్చుకోవడం.

ఊళ్ళో ఉండి వర్క్ ఫ్రం హోం చేసేవాళ్ళకి ఒక లెక్క. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉంటాయి. 500 వాట్ల మిక్సీ ఏడు నిమిషాలు తిప్పితే అయ్యేది, 60 వాట్ల లాప్‌టాప్ ఒక గంట నడిస్తే అయ్యేది దాదాపు సమానం. అంటే ఒక స్టేటస్ కాల్ మానేస్తే ఇంటిల్లిపాదికీ పచ్చడొస్తుంది. అయినా ఎన్నిళ్ళల్లో ఇన్వర్టరు లైను వంటింట్లోకి వేయించారు? రౌటరుకి మాత్రం తప్పకుండా వేయిస్తాం. నీళ్ళ మోటారు మాత్రం ఇన్వర్టరుతో తిరగదు. ఒక హార్స్‌పవర్ అంటేనే 746 వాట్లు, పైగా మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. దానికి నలుగురిళ్ళ వాళ్ళు కలిసి ఒక జనరేటరు అద్దెకి తెచ్చుకోవడమే దారి. రోజుకి ఒక గంట, ఇంటికి పావుగంట.

"ఇవన్నీ డాబా ఇల్లున్న వాళ్ళ కబుర్లు, పాకలో ఉన్నవాడి సంగతేంటి?" అంటే, నిజమే. కప్పు లేచిపోయిన ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే సిద్ధం చేసుకునేటప్పుడు ఇంటిమటుక్కే చూసుకోకూడదంటాను. వీధిలో గట్టి ఇల్లు ఏది, అక్కడ పెద్ద గుండిగ పెట్టి అందరికీ అన్నం వండగలరా, బియ్యం ఎవరివి, పప్పు ఎవరిది అన్నది గాలి మొదలవక ముందే అనుకోవాలి. పెళ్ళికీ, అమ్మవారి పండక్కీ చేతనైన పనే కదా ఇది.

ప్రభుత్వానికీ రెండు మాటలు. తుఫాను వెళ్ళాక బియ్యం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పంచుతారు, మంచిదే. కానీ 72 గంటల హెచ్చరిక రాగానే రేషన్ షాపు తెరిచి వచ్చే నెల కోటా ముందే ఇచ్చేస్తే, దార్లు మూసుకుపోయాక లారీల కోసం ఎదురుచూడక్కర్లేదు. రెండోది, గాలి పెరగక ముందే జాగ్రత్త కోసం లైన్లు ఆపుతారు, అది అవసరమే. ఏ ఊరికి సుమారు ఎన్ని గంటలకి ఆపుతారో ముందుగా దండోరా వేయిస్తే చాలు. మనం సర్వరు ఆపేముందు వాడేవాళ్ళకి మెయిల్ పెట్టమా? ఇదీ అంతే. ఆ ఒక్క కబురుతో ఊళ్ళో ట్యాంకులన్నీ నిండుతాయి.

ఈసారి బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడగానే ఇంటికి ఫోను చేసి "జాగ్రత్త" అనే మాట మానేసి ఈ నాలుగూ అడగండి. డ్రమ్ము నిండిందా? రెండో సిలిండరు ఉందా? పిండి ఆడించారా? ఇన్సులిన్ ఎక్కడ పెట్టారు? ఏదైనా లేదంటే, ఊళ్ళో ఉన్న తమ్ముడికో స్నేహితుడికో మీరే ఫోను చేసి ఆ పని అయ్యేదాకా వదలకండి. అమ్మకి మాత్రం ఒకటే చెప్పండి: ఆ రెండో కూర వద్దు, కందిపొడి కొట్టు చాలు అని.